పూవిల్తుడు - జొన్నచేను
(పలనాటి చాటువు నాధారముగా ఒక పుష్పవిచారము)

శ్రీనాథుని పేర వ్యాప్తిలో నున్న చాటువులలో పలనాటిని గూర్చినవి తెలుగు చదువరులకు చిరపరిచితములు. రాళ్ళు, తేళ్ళు, నీటికొరత, జొన్నయన్నము వానిలోని సామగ్రి. అందొక కందపద్యము మిక్కిలి ప్రసిద్ధము. రసికుడైనవాడు ఆ సీమకు పోడనియు, రంభయైనను అచ్చట ఏకులు వడకవలసినదే యనియు, భూమి నేలు రాజైనను నాగలి పట్టవలసినదే యనియు, మన్మథుడైనను జొన్నలతో కడుపు నింపుకొనవలసినదే యనియు దాని తాత్పర్యము. ఈ పద్యము నిజముగా శ్రీనాథునిదేనా యను చర్చ ఇచ్చట మాకు ప్రస్తుతము కాదు. అది తెలుగువారి మనస్సులలో పలనాటిని గూర్చి ముద్రించిన చిత్రమే ప్రస్తుతము.

ఆ పద్యమునందు మన్మథునకు కవి యెన్నుకొన్న పేరు గమనింపదగినది. మారుడు, మదనుడు, అనంగుడు, మీనకేతనుడు మొదలైన పేరు లెన్నియో యుండగా, పూలను అస్త్రములుగా గలవాడు అను నర్థము నిచ్చు పేరునే కవి వాడినాడు. ఇది ఛందస్సు కొరకు దొరకిన పదము మాత్రమే కాదని మా యభిప్రాయము. పద్యములోని హాస్యమంతయు ఆ పేరుపై నిలిచియున్నది. పూలతో నుండవలసినవాడు జొన్నలతో నున్నాడు; నృత్యము చేయవలసినది నూలు వడకుచున్నది. అనగా పూవు ఒకవైపు, పైరు మరియొకవైపు. పూవు భోగమునకును రసికతకును గుర్తు. ప్రత్తియు జొన్నయు కష్టమునకును నీరసతకును గుర్తులు. వ్యాఖ్యాతలును పాఠకులును ఈ విభాగమును ప్రశ్నింపక యంగీకరించి నవ్వుకొనుచు వచ్చిరి. ఈ విభాగము వస్తుదృష్టితో నిలుచునా, నిలువనిచో దానివలన మన సాహిత్యపఠనమునకు కలిగిన లోపమేమి, అనునవి ఈ వ్యాసమునకు విషయములు.

నిదర్శనభూమిగా మేము ముప్పాళ్ళ ప్రాంతమును గైకొనుచున్నాము. ముప్పాళ్ళ నరసరావుపేట, సత్తెనపల్లి పరిసరములలోనిది. ప్రాచీనమైన పలనాటి సీమకు గురజాల, మాచెర్లలు గుండెవంటివి. ముప్పాళ్ళ ఆ సీమకు తూర్పుదిక్కుననున్న ఊరు. 2022 ఏప్రిల్ 4న పలనాడు జిల్లా యేర్పడినప్పుడు ఇదియు నందు చేరినది. 1967లో నాగార్జునసాగరము కాలువలకు నీరు వదలిన తరువాత పలనాటి భూములలో వరి విస్తరించి జొన్న తగ్గినది. నేడు ఈ ప్రాంతపు చేలలో ప్రధానముగా కనబడునవి ప్రత్తియు మిరపయు. చాటుకవి చూచిన పలనాడు నేటి పలనాడు కాదు. ఐనను అతడు పేర్కొన్న ప్రత్తి యింకను ఇచ్చటనే యున్నది గనుక విచారణ దానితో నారంభింతము.

రంభ వడికిన యేకు ఎచ్చటనుండి వచ్చినది? ప్రత్తి మొగ్గ ఉదయమున విచ్చును. నేడు మన చేలలో విస్తారముగా పెరుగు అమెరికా జాతి ప్రత్తిపూవు మొదటినాడు లేతమీగడవన్నెతో నుండి, మరునాటికి గులాబివన్నె దాల్చి, ఎఱ్ఱబారి, వాడి రాలును. ఒకే మొక్కపై నేటి తెల్లనిపూవును నిన్నటి యెఱ్ఱనిపూవును ఏకకాలమున కనబడుట చేత, తెలియనివాడు రెండు జాతులని భ్రమపడును. శ్రీనాథుని కాలమున, అనగా పదునైదవ శతాబ్దపు పూర్వార్ధమున, అమెరికా జాతి యింకను మన దేశమునకు రాలేదు. అప్పటి నాటుప్రత్తి పూవు సాధారణముగా పసుపువన్నెది. రేకుల మొదట ముదురెఱుపు మచ్చ యుండును. పచ్చని రేకులలో కెంపు పొదిగినట్లుండు ఆ పూవు ఏ యుద్యానపుష్పమునకును తీసిపోదు.

ఇంతకంటె వింతయైన విషయము మరియొకటి కలదు. ప్రత్తిపోగు గింజపై మొలచిన ఏకకణము. అనేక కణములు కూడి యొక పోగైనది కాదు. గింజ పైపొరలోని యొక్క కణమే సాగి సాగి రెండుమూడు సెంటీమీటర్ల పొడవగును. దాని పొడవు వెడల్పునకు వేయిరెట్లకు మించినది. ఈ కణము సాగుట కారంభించునది ఎప్పుడనగా, సరిగా పూవు విచ్చిన దినముననే. రేకులు వన్నె మార్చి రాలుచుండగా లోపల భావిబీజములపై పోగులు పుట్టుచుండును. సుమారు మూడు వారములు అవి నిడుపగును. పిదప లోపలిగోడ దళమగును. కాయ పగిలిన తరువాత పోగు ఆరి, అణగి, మెలిక పడును. ఆ మెలికయే లేకున్న ఒక పోగు మరియొక పోగును పట్టుకొనదు, నూలు రాదు. కావున రంభ చేతిలోని యేకు పూవునకు ప్రత్యర్థి కాదు. అది పూవు విచ్చిన నాడే మొదలైన పని. అప్సరస పుష్పములను విడిచి ప్రత్తిని పట్టినదని కవి నవ్వెను. ఆమె విడిచినదేమియు లేదు.

ఇక మన్మథుని జొన్నలు. జొన్నకంకి యనగా పూలగుత్తియే. అందు జంటలుగా అమరిన చిన్నపూవు లుండును; ప్రతి జంటలో కాడ లేనిది గింజ కట్టును, కాడ గలది సామాన్యముగా గింజ కట్టదు. కంకిపూత కొననుండి మొదలై కొన్ని దినములలో క్రమముగా క్రిందికి దిగును. పూవులు విచ్చుట అర్ధరాత్రి మొదలు తెల్లవారువరకు సాగును. రైతు చేనికి వచ్చునప్పటికి ఆనాటి పూత చాలవరకు ముగిసియుండును. దీనికి రంగుల రేకులు లేవు, తేనె లేదు, పుప్పొడిని గాలి మోయును, స్వపరాగముతోనే పెక్కుగింజలు కట్టును. ఎవ్వరిని పిలువనక్కరలేని పూవు గనుక అలంకారము లేదు. తేనెటీగలు మాత్రము పిలువని పేరంటమునకు వచ్చి పుప్పొడి నెత్తుకొనిపోవును. మన్మథుడు తిన్న ప్రతి జొన్నగింజయు ఒక పూవు యొక్క ఫలము. ఆ దేవుడు పలనాటికి వచ్చి తన యాయుధశాలను పోగొట్టుకొనలేదు, దానినే భుజించినాడు.

ఇట్లనగా, ఇది కేవలము వృక్షశాస్త్రజ్ఞుని చమత్కారము కాదా, కావ్యమును శాస్త్రముతో కొలుచుట తగునా, అని విద్యార్థు లడుగవచ్చును. ఈ యాక్షేపము బలమైనది. దానికి సమాధానము మన యలంకారశాస్త్రమునందే కలదు. రాజశేఖరుడు కావ్యమీమాంసలో కవిసమయములను విభజించుచు, లేనిదానిని ఉన్నట్లు నిబంధించుట, ఉన్నదానిని నిబంధింపకుండుట, ఒకచోటికి నియమించుట అని మూడు తెఱగులు చెప్పెను. రెండవదానికి అతడిచ్చిన యుదాహరణములు పుష్పసంబంధులే: వసంతమున మాలతి యున్నను వర్ణింపరాదు, చందనవృక్షమునకు పూవులును పండ్లును ఉన్నను వర్ణింపరాదు, అశోకమునకు ఫలము లున్నను వర్ణింపరాదు. కవులు కొన్ని పూలను చూచియు చూడనట్లుండుట ఒక సంప్రదాయమని శాస్త్రకారుడే యంగీకరించినాడు. మన ప్రత్తిపూవు, జొన్నపూవు ఆ రెండవ తెఱగులోనివని మా ప్రతిపాదన. ఈ దృష్టితో పరికించినచో పుష్పవిషయమున మన కవుల నడవడి నాలుగు విధములుగా కనబడును.

మొదటిది, నిరపాయమైన కల్పన. వనిత పాదము తాకిన అశోకము పూచుననియు, మద్యము పుక్కిలించిన పొగడ పూచుననియు ప్రబంధములు చెప్పును. దీనిని వృక్షశాస్త్రముతో ఖండింపబూనుట రసహీనత. చెప్పినవాడును విన్నవాడును అది కల్పనయని యెఱుగుదురు.

రెండవది, చూచిన సత్యమునకు కల్పితమైన కారణము. తుమ్మెద సంపెంగను చేరదని కవిలోకపు ప్రసిద్ధి. వసుచరిత్రలోని ప్రసిద్ధపద్యము దీనిపై నిలిచినది. తుమ్మెదలు తన దరికి రాలేదని వగచిన సంపెంగ తపస్సు చేసి నాయిక నాసికగా జన్మించెనని అందలి భావము. ఈ భావమును ముక్కు తిమ్మనకు సంబంధించినదిగా చెప్పు కథయు లోకమున కలదు. శాస్త్ర మేమనును? సంపెంగ మాగ్నోలియా కుటుంబములోనిది. ఆ కుటుంబము పూచు మొక్కలలో మిక్కిలి ప్రాచీనమైన శాఖలలో నొకటి. తేనెటీగలు లోకమున వ్యాపించుటకు ముందే అట్టి పూవులుండెనని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఈ కుటుంబపు పూలకు పరాగవాహకములుగా ప్రధానముగా పనిచేయునవి పెంకుపురుగులు. దళమైన రేకులు, గాఢమైన వాసన వానికొరకు. కావున సంపెంగకు తుమ్మెద లేని కొఱత యెన్నడును లేదు. దాని చుట్టములు వేరు. ఇచ్చట కవిదృష్టి సరియైనది, కారణము కల్పితము. పద్యమునకు దీనివలన హాని లేదు. పైపెచ్చు, ఆ ప్రసిద్ధిని పుట్టించిన పూర్వులు పూవును దగ్గఱగా చూచిరని తెలియును.

మూడవది, తెలియమిచేత చేసిన నింద. మోదుగుపూవునకు వాసన లేదని, విద్య లేని రూపవంతునకు దానిని ఉపమానము చేయుట సంస్కృతమునుండి తెలుగునకు వచ్చిన యాచారము. మోదుగ రాతినేలల చెట్టు; మాఘఫాల్గుణములలో ఆకు రాల్చి అడవి నంతటిని మంటవలె చేయును. ఆ పూవునకు వాసన యేల లేదు? అది పక్షుల పూవు గనుక. పక్షి ఎఱ్ఱని రంగును చూచి వచ్చును, వాసనను బట్టి కాదు. ఢిల్లీలోని పరిశోధకులు మోదుగపై జరిపి 2003లో ప్రకటించిన పరిశీలనలో, ఆ పూవునొద్దకు వచ్చు పక్షులలో ఊదా తేనెపిట్ట యొక్కటియే పరాగమును సరిగా చేర్చుచున్నట్లును, చారల ఉడుతయు ఆ పనిని చేయుచున్నట్లును తేలినది. మనకు ఆశ్చర్యము కలిగించునది మరియొకటి. కింశుకమను పేరునకు ‘ఇది చిలుకయా?’ అని వ్యుత్పత్తి చెప్పుదురు. పేరు పెట్టినవాడు ఆ పూవునందు పక్షిముక్కును చూచినాడు. నిందించినవాడు తన ముక్కును మాత్రమే నమ్ముకొన్నాడు.

మేడిపండును పిరికివాని బింకమునకు ఉపమానము చేసిన వేమన పద్యము ఈ తరగతిలోనిదే. బాలశిక్షనుండి పెద్దల సభలవఱకు అది వినబడును. మేడిపండనగా తలక్రిందైన పూలతోట. దానిలోపలిగోడ నంటి వందలకొలది చిన్నపూవు లుండును. బయటికి కనబడవు గనుకనే మేడిచెట్టు పూయదని లోకము నమ్మినది. బౌద్ధవాఙ్మయమున మేడిపూవు దుర్లభవస్తువునకు ఉపమాన మైనది. నాగార్జునకొండ బౌద్ధమునకు నిలయమైన పలనాటిలో ఆ యుపమానము వినబడకయుండదు. ఆ పూలలో పరాగమును చేర్చునది ఒక సన్నని కందిరీగ. ఆడుదానికి పండుకొననున్న ఇఱుకుబిలమే దారి. అందు దూరునప్పుడు తఱచుగా రెక్కలు తెగిపోవును. లోపల గ్రుడ్లు పెట్టి అచ్చటనే మరణించును. దాని సంతతి పెరిగి, పుప్పొడి నెత్తుకొని, మరియొక కాయకు పోవును. మేడి, మఱ్ఱి, రావి జాతులన్నింటికిని ఇదియే పద్ధతి. పెక్కింటికి దేని కందిరీగ దానికి ప్రత్యేకము. పొట్ట విప్పినప్పుడు కనబడు పురుగులలో ఈ పరాగవాహకములును కలవు. అవి లేనిచో మేడికి విత్తు లేదు. పద్యము చెప్పదలచిన నీతి పిరికివానిని గూర్చినది గనుక దానికి భంగము లేదు. కాని ఉపాధ్యాయుడు మేడిపండును కపటమునకు ప్రతినిధిగా మాత్రమే చెప్పి విడిచినచో, విద్యార్థి చెట్టును గూర్చి యొక అసత్యమును జీవితాంతము మోయును. పద్యము చెప్పి, పండును విప్పి చూపినచో రెండును దక్కును.

నాలుగవది మౌనము. ఇది తక్కిన మూడింటికంటె గంభీరమైన లోపము. కల్పనను కల్పనగా గ్రహింపవచ్చును, నిందను సవరింపవచ్చును, చెప్పనిదానిని ఉన్నదని యెఱుగుటయే కష్టము. ప్రత్తిపూతకు, జొన్నపూతకు, మిరపపూతకు మన ప్రబంధవనములలో చోటు లేదు. ఇది పూత స్వభావముచేతనే అకావ్యమగుటవలన కాదు. మన్మథుని పంచబాణములలో నొకటియైన చూతము మామిడిపూతయే గదా. మామిడిపూగుత్తిలో మగపూవులును ద్విలింగపూవులును కలసియుండును. వేలకొలది విచ్చిన పూవులలో నూటికొక్కటియైనను పండు గాదు. దానిని ముసురునవి ముఖ్యముగా ఈగలు. ఈగలు ముసురు పూతను మన్మథుని యమ్ములపొదిలో చేర్చిన సంప్రదాయమే ప్రత్తిని వెలుపల నిలిపినది. భేదము పూవులో లేదు. తోటయందు విహరించువాని పూవు బాణమైనది. చేనియందు శ్రమించువాని పూవు ఏకైనది.

ఆ బాణములలోనే మరియొకటి అరవిందము. విరహిణికి తామరపూలతో, తామరతూండ్లతో శైత్యోపచారము చేయుట ప్రబంధములలో నిత్యకృత్యము. తామరపూవు తన వేడిమిని తానే పుట్టించుకొనునని 1996లో ఆస్ట్రేలియాలో జరిగిన పరిశోధన వెల్లడించినది. చుట్టుపట్ల గాలి పది డిగ్రీలకు దిగినను, విచ్చు దినములలో ఆ పూవు ముప్పది డిగ్రీలకు పైబడిన వేడిమిని నిలుపుకొనును. చల్లదనమునకై చెలులు తెచ్చిన పూవే వెచ్చనిది! విరహిణి తాపము తగ్గలేదని కవులు వ్రాసినదానికి, తెలియకయే యొక సాక్ష్యము దొరకినది.

మౌనము తెలుగువాఙ్మయమున సర్వత్ర వ్యాపించినదని మేము చెప్పుటలేదు. శాతవాహనుల కాలమునకు చేర్చబడు గాథాసప్తశతిలో ప్రత్తిచేను శృంగారమునకు నెలవు. ఆ చేను దున్ను శుభదినమున స్త్రీ చేతులు వణకుటను ఒక గాథ చిత్రించినది. దేశిసంప్రదాయమున తెలంగాణమునందు బతుకమ్మకు తంగేడు, గునుగు ముఖ్యములు; రెండును ఎవ్వరును నాటని పూవులు. తంగేడుపూవున తేనె లేదు. పుప్పొడి సన్నని రంధ్రములలో బంధింపబడియుండును. కొన్ని జాతుల యీగలు పూవును పట్టుకొని రెక్కల కండరములతో ఝుమ్మని కంపింపజేసినగాని అది రాలదు. భ్రమరనాదమును కవులు గానమనిరి; ఇచ్చట అది పనిముట్టు. సంక్రాంతికి ఆంధ్రదేశపు ముంగిళ్ళలో గొబ్బెమ్మపై నిలుచునది గుమ్మడిపూవు. గుమ్మడికి ఆడుపూవు వేరు, మగపూవు వేరు. పిందె మొదట గలది ఆడుపూవు. మగపూవులు హెచ్చుగా పూచును, వానిని కోసినందున కాయకు నష్టము లేదు. స్త్రీల వ్రతములు పాదుపూవును దేవతను చేసినవి. ప్రబంధము ఆ పని చేయలేదు.

ఇచ్చట తెలుగుభాషయే మనకు మరియొక సాక్ష్యమిచ్చుచున్నది. మనము మల్లెపూవు, సంపెంగపూవు అందుము. మిరపపూత, ప్రత్తిపూత, మామిడిపూత అందుము. ఒకటొకటిగా కోయునది పూవు. సమష్టిగా నిలువవలసినది పూత. పూవునకు తరువాతి మాట మాల. పూతకు తరువాతి మాట పిందె. ముప్పాళ్ళ చేలలో పూత నిలిచినదా యను ప్రశ్న సౌందర్యమును గూర్చినది కాదు. సంవత్సరపు అప్పును గూర్చినది. మిరప మన దేశమునకు పదునాఱవ శతాబ్దమున పోర్చుగీసువారితో వచ్చినది గనుక చాటుకవి తిన్న జొన్నయన్నమునకు మిరపకారము తోడులేదు. నేడు ఆ మిరపయే ఈ సీమకు బ్రతుకు. దాని పూవు చిన్నది, తెల్లనిది, తలవంచినది. 2021లో నల్ల తామరపురుగు ఆంధ్ర తెలంగాణములలోని మిరపచేలపై పడినప్పుడు అది ప్రధానముగా ఆ పూవులలోనే చేరి పూతను రాల్చినది. కాయ లేక చేలు దున్నివేసిన రైతులు కలరు. ఒక పూవు రాలుటవలన కుటుంబము కూలుననునది ఏ ప్రబంధమునందును లేని పుష్పసత్యము.

కావున ఆ కందపద్యమును మనమిక చదువరాదనుట మా యుద్దేశము కాదు. అది చక్కని పద్యము. దాని బిగువు, వేగము మెచ్చదగినవి. కాని దాని నవ్వు ఎవరి చోటునుండి పుట్టినదో విద్యార్థికి తెలియవలెను. అది తోటలెఱిగి చేలెఱుగని నాగరికుని నవ్వు. ప్రత్తిని పూవుగా, జొన్నను పూవుగా చూచినవానికి ఆ పద్యము తనకు తెలియకయే పలనాటిని స్తుతించుచున్నట్లు తోచును: అప్సరసయు, రాజును, దేవుడును ఒక్క పూతపని మీద కూడిన దేశము మరియొకటి లేదు గదా.

ఈ విచారమునుండి ఉపాధ్యాయులకు, పరిశోధకులకు రెండు పనులు కనబడుచున్నవి. పాఠ్యపద్యమునందు పూవు వచ్చినప్పుడు అది పై నాలుగింటిలో నేదియో నిర్ణయించి బోధింపవలెను. రెండవది, పలనాటి పల్లెలలో పూతను గూర్చి రైతులును కూలిస్త్రీలును వాడు మాటలను, సామెతలను, పాటలను సేకరింపవలెను. జొన్న తగ్గిన చోట జొన్నపూతకు సంబంధించిన మాటలును తగ్గుచున్నవి. కవులు నిబంధింపని పూలకు నిఘంటువు ఆ నోళ్ళలోనే యున్నది. అవి మూతపడకమునుపే ఈ కార్యమునకు పరిశోధక విద్యార్థులు పూనుకొందురుగాక.